బట్టీకి థర్మోకపుల్, రిలే బిగించి రాత్రంతా కంప్యూటర్‌కు వదిలేయవచ్చా?

మట్టివాసన (సైనిక్‌పురి):
నమస్కారం. ఇంటి కింది వాటాలో చిన్న కుండల స్టూడియో నడుపుతున్నాను. బట్టీ కరెంటుది. 6 కిలోవాట్లు, సింగిల్ ఫేజ్, లోపల వేడెక్కే కాంతల్ తీగ చుట్టలు. ఇన్నాళ్లూ ముందున్న మీటను గంటకోసారి తిప్పుతూ, తలుపు కంతలోంచి కోన్ (తగిన వేడికి వంగే చిన్న మట్టి శంకువు) వంగిందో లేదో చూసుకుంటూ కాల్చాను. ఒక్కో వాయికి పది పదకొండు గంటలు పడుతుంది. ఇక నా వల్ల కావడం లేదు, కంప్యూటర్‌తో నడపాలని నిశ్చయించుకున్నాను. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, వేడిని కొలిచే కె టైప్ థర్మోకపుల్, దాన్ని చదివే మ్యాక్స్ 6675 బోర్డు, బట్టీకి కరెంటు ఇచ్చి ఆపడానికి 40 ఆంపియర్లు అని రాసి ఉన్న సాలిడ్ స్టేట్ రిలే తెచ్చాను. నా గ్లేజు, అంటే కుండల మీది గాజుపూత, 1220 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఈ సామాను సరిపోతుందా? రాత్రి 9కి మొదలుపెట్టి పడుకోవచ్చా?

కోడూ కుండా:
ముందు ఆ మ్యాక్స్ 6675 వెనక్కి ఇచ్చేయండి. ఆ చిప్ చూడగలిగేది 1023.75 డిగ్రీల వరకే. ఆపైన బట్టీ ఎంత కాగినా అదే అంకె చెబుతుంది. మీ ప్రోగ్రామ్ 1220 ఎప్పుడు వస్తుందా అని చూస్తుంటుంది, అంకె 1023 దగ్గర కదలదు, ఇంకా చాలలేదనుకుని కంప్యూటర్ కరెంటు ఇస్తూనే పోతుంది. అరలు వంగి, కుండలు వాటికి అతుక్కుపోయేదాకా ఆగదు. మ్యాక్స్ 31855 తీసుకోండి, 1220ని ఇబ్బంది లేకుండా చదువుతుంది. తీగ తెగితే తెగిందని కూడా చెబుతుంది. ముందు ముందు ఎస్ టైప్‌కు మారే ఆలోచన ఉంటే 31856 మేలు. అది అన్ని రకాలనూ చదువుతుంది, 50 హెర్ట్జ్ కరెంటు రొదను కూడా వడగడుతుంది.

కె టైప్‌లో ఉండేవి క్రోమెల్, అల్యూమెల్ తీగలు. వారం వారం 1200 దాటిస్తుంటే కొంతకాలానికి అంకె జారుతుంది. ఎస్ టైప్ అంటే ప్లాటినం, రోడియం. ధర చాలా ఎక్కువే కానీ ఆ వేడికి నిలుస్తుంది. కె పెట్టేటట్లయితే సన్న తీగది వద్దు. 3 మిల్లీమీటర్ల మందం తీగ, పింగాణీ తొడుగు ఉన్నది పెట్టి, అరిగే వస్తువు కింద లెక్కవేసుకుని మారుస్తూ ఉండండి.

థర్మోకపుల్ తల నుంచి బోర్డు దాకా మామూలు రాగి తీగ వేయకండి, అదే రకం కాంపెన్సేటింగ్ కేబుల్ వేయాలి. అమెరికా రంగుల పద్ధతిలో ఎర్ర తీగ నెగటివ్. ఎరుపంటే పాజిటివ్ అని అలవాటుపడిన చేయి ఇక్కడే తప్పు చేస్తుంది. తిరగేసి కలిపితే బట్టీ వేడెక్కుతున్నకొద్దీ తెరమీద అంకె తగ్గుతుంది.

రిలేకు దాని వేడిని గాలికి వదిలే మంచి లోహపు హీట్‌సింక్ వేయండి. మీ రెండో ప్రశ్నకు జవాబు: పడుకోవచ్చు. నేను రెండేళ్లుగా పడుకుంటున్నాను.

తీగలపని (జీడిమెట్ల):
పడుకోకూడదు. పైన థర్మోకపుల్ గురించి చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా కాదనను, మొత్తం సరైనదే. ఆ చివరి వాక్యమే ప్రమాదం.

22 ఏళ్లుగా ఫర్నేసులకు ప్యానెళ్లు కడుతున్నాను. సాలిడ్ స్టేట్ రిలే చెడిపోయేటప్పుడు చాలావరకు షార్టయి చెడిపోతుంది. కంప్యూటర్ ఆపమన్నా ఆగదు. తెరమీద ఆఫ్ అనే ఉంటుంది, బట్టీ మాత్రం కాగుతూనే ఉంటుంది, మీరు పై వాటాలో నిద్రలో ఉంటారు. అమ్మా, అది తీసి కాంటాక్టర్ (అయస్కాంతపు కాయిల్‌తో లోహపు ముక్కలను కలిపి విడదీసే పెద్ద స్విచ్) వేయండి. కలిసినప్పుడు, విడిపోయినప్పుడు టక్కుమని చప్పుడు చేస్తుంది. అది పనిచేస్తోందో లేదో చెవికే తెలుస్తుంది.

చర్లపల్లి షెడ్:
అన్నిటికంటే ముందు మీ ఇంటి మీటరుకు ఎన్ని కిలోవాట్ల లోడు మంజూరైందో చూసుకున్నారా?

మట్టివాసన:
చూసుకున్నాను. బట్టీ కొన్నప్పుడే పెంచుకున్నాము. దానికి విడిగా 32 ఆంపియర్ల ఎమ్‌సీబీ, మంచి ఎర్తింగ్ ఉన్నాయి.

కోడూ కుండా:
తీగలపని గారూ, కాంటాక్టర్ మాత్రం చెడిపోదా? దాని ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతే అదీ ఆగదు కదా. లెక్క చూడండి. ఉష్ణోగ్రతను పట్టి ఉంచాలంటే 20 సెకన్లకోసారైనా కరెంటు ఇచ్చి ఆపాలి. పది గంటలకు 1800 సార్లు. వంద వాయిలకు 1,80,000 సార్లు. ప్రతిసారీ ఆ ముక్కల మధ్య నిప్పు రవ్వ లేస్తుంది. సాలిడ్ స్టేట్ రిలేలో కదిలే భాగమే లేదు, ఏసీ అల సున్నా దాటే చోట కలుపుతుంది, 2 సెకన్లకోసారి మార్చినా అరగదు. 6 కిలోవాట్లంటే 26 ఆంపియర్లు. 40 ఆంపియర్ల రిలేకు అది భారమే కాదు.

తీగలపని:
40 అని రాసి ఉన్నంతమాత్రాన అది 40 కాదు. మాడిపోయిన ఒక రిలేను బల్లమీద పెట్టి విప్పాను. పైన ప్లాస్టిక్ మూత మీద 40 అని పెద్ద అక్షరాలు. నల్లని బంక గీకి చూస్తే లోపల కరెంటును కలిపి ఆపే వేలిగోరంత ట్రయాక్ చిప్, దాని మీద 16 ఆంపియర్ల రకం గుర్తు. దాన్ని కింది లోహపు పలకకు అతికించిన తీరు కూడా సరిగా లేదు, ఒక మూల గాలి ఉంది. మీ 26 ఆంపియర్లు దాని గుండా రాత్రంతా పోవాలి.

వేడి లెక్క కూడా చెబుతాను. ఆ రిలేలో ఆంపియరుకు ఒకటి, ఒకటిన్నర వాట్లు వేడిగా పోతాయి. 26 ఆంపియర్లకు ముప్ఫై నలభై వాట్లు. ఒక సోల్డరింగ్ ఐరన్‌ను డబ్బాలో పెట్టి మూత వేసినట్లు. మే నెలలో మన రేకుల షెడ్లలో గాలే 42 డిగ్రీలు ఉంటుంది. హీట్‌సింక్ ఆ వేడిని ఎవరికి ఇస్తుంది?

కోడూ కుండా:
నాసిరకం సరుకు చూపించి మొత్తం పద్ధతే తప్పంటే ఎలా? మంచి కంపెనీది కొనండి, 26కి 60 ఆంపియర్లది వేయండి, థర్మల్ పేస్ట్ పూయండి, హీట్‌సింక్‌ను డబ్బా బయట రెక్కలు నిలువుగా ఉండేలా బిగించి ఒక ఫ్యాను పెట్టండి. నాది వాయి మధ్యలో చేత్తో తాకగలిగినంత వేడిలోనే ఉంటుంది.

తీగలపని:
40 అని అమ్మేది 40 కాదన్న మాటకు మీరు ఇంకా జవాబు చెప్పలేదు. ఈవిడ గుజరాతీ గల్లీలో కొన్నది ఏ రకమో మీకు తెలుసా?

గాజుపూత:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా బట్టీలో తెరమీద 1220 చూపించేసరికి కోన్ 6 పూర్తిగా కుప్పకూలి ఉంటోంది, గ్లేజు అర మీదికి కారుతోంది. థర్మోకపుల్ కొత్తది. ఎందుకలా?

కోడూ కుండా:
థర్మోకపుల్ నుంచి బోర్డు దాకా ఏ తీగ వేశారు?

గాజుపూత:
ఇంట్లో మిగిలిన కరెంటు తీగ. రెండు మీటర్లు.

కోడూ కుండా:
అదే కారణం. థర్మోకపుల్ రెండు చివరల మధ్య తేడానే కొలుస్తుంది. బోర్డు తన దగ్గరి వేడిని దానికి కలిపి చెబుతుంది. మీ థర్మోకపుల్ తల బట్టీ గోడకు ఆనుకుని 70 డిగ్రీల్లో ఉందనుకోండి, బోర్డు 38లో ఉందనుకోండి. మధ్యలో రాగి వేస్తే ఆ 32 డిగ్రీలు లెక్కలోంచి పోతాయి. తెర 1220 అన్నప్పుడు లోపల 1252. సరైన కేబుల్ రాణిగంజ్‌లో అడగండి, మీటర్ల లెక్కన ఇస్తారు.

గాజుపూత:
ఆరు వాయిలు పాడుచేసుకున్నాను. ఈ మాట అమ్మినవాళ్లు చెప్పలేదు, బిగించినవాళ్లూ చెప్పలేదు. ధన్యవాదాలు.

కుమ్మరిసారె:
మీరంతా చదువుకున్నవారు, నేను పనిలో పుట్టినవాణ్ని. మా నాన్న ఆవం రగిలించిన రాత్రి ఇంట్లో పడుకునేవారు కాదు. మొదట సన్న సెగ, తెల్లని ఆవిరి పొగ పూర్తిగా పోయేదాకా. తొందరపడితే పచ్చి నీరు లోపల మరిగి కుండ పగులుతుంది. ఆ తర్వాతే పెద్ద మంట. కంతలోంచి కనిపించే ఎరుపును బట్టి ఎంత కట్టె వేయాలో చెప్పేవారు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. ఏడాది చేసిన కుండలు గుదియ ఒక్క దెబ్బకు పోతాయి. ఇప్పుడు ఆ గుదియ మీ రిలేలో ఉంది. దాన్ని పట్టుకునే మనిషి బట్టీ దగ్గర లేకపోతే ఎలా?

కోడూ కుండా:
అయ్యా, మీ నాన్నగారి చూపు మీద నాకు గౌరవం ఉంది. కానీ ఎర్రమట్టికి 800, 900 డిగ్రీలు, అటూ ఇటూ 30 డిగ్రీలు తేడా వచ్చినా కుండ కుండగానే ఉంటుంది. ఈ గ్లేజు అలా కాదు. కోన్ 6 అంటే చివరి 100 డిగ్రీలు గంటకు 60 చొప్పున పెరిగితే 1222 దగ్గర వంగుతుంది. ఇరవై తగ్గితే గరుకుగా ఉండిపోతుంది, ఇరవై పెరిగితే కారిపోతుంది. ఆ వేడిలో లోపలంతా ఒకటే తెల్లని పసుపు. 1200కి, 1220కి తేడా కంటికి తెలియదు.

కుమ్మరిసారె:
అందుకే కోన్ పెడతారు. కోన్‌ను చూసేది కన్నే కదా. మీ సెన్సార్ వేడిని చెబుతుంది, మట్టి ఎంత కాలిందో కోన్ చెబుతుంది. గంటసేపు అదే వేడిలో నిలిపితే అంకె మారదు, కోన్ మాత్రం వంగుతుంది.

కోడూ కుండా:
ఆ మాట నిజం. నేనూ ప్రతి వాయిలో మూడు కోన్‌లు పెడతాను. కానీ పొద్దున్నే చూస్తాను.

తీగలపని:
పొద్దున్న చూసేసరికి ఏమి మిగులుతుందో నేను చూశాను కాబట్టే చెబుతున్నాను. ఒక స్టూడియోకు నేను ప్యానెల్ కట్టి ఇచ్చాను. కాంటాక్టర్ వేసి, దాని మీద విడిగా, వేడి హద్దు దాటితే కరెంటు ఆపే లిమిట్ కంట్రోలర్ పెట్టాను. చప్పుడు ఎక్కువగా ఉందని మూడు నెలల తర్వాత ఎవరో వీడియో చూసి అవన్నీ తీసేశారు, సాలిడ్ స్టేట్ రిలే వేశారు. నాకు చెప్పలేదు. ఒక రాత్రి అది షార్టయింది. తెల్లవారి నన్ను పిలిచారు. తలుపు తెరిస్తే అరలు పడవల్లా వంగి ఉన్నాయి. కప్పులు, గిన్నెలు కరిగి గోధుమరంగు ముద్దలై అరలను పట్టుకుని వేలాడుతున్నాయి. ఇటుకలు కూడా గాజు తేలాయి. మీరు కట్టిన ప్యానెలే కదా అన్నారు. నాకు రావలసిన మిగతా డబ్బు ఆపేశారు. ఈనాటికీ రాలేదు. డబ్బు పోతే పోయింది, వాళ్ల ద్వారా వచ్చే మరో మూడు పనులు కూడా పోయాయి.

మీరు సలహా రాసి కంప్యూటర్ మూసేస్తారు. కాలిపోయినప్పుడు పిలిచేది నన్ను, తిట్టేదీ నన్ను.

కోడూ కుండా:
అదే మాట నేనూ అనగలను. నా మొదటి బట్టీకి ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 18,000 రూపాయలు ఇచ్చాను. ఆయన కాంటాక్టరే వేశారు. ఎందుకు ఇది, ఎందుకు అది అని అడిగితే మీకు అర్థం కాదన్నారు. పదకొండు నెలలకు కాంటాక్టర్ ముక్కలు అతుక్కుపోయి నా వాయి కూడా పోయింది. మళ్లీ పిలిస్తే ఫోను ఎత్తలేదు. అప్పుడు కూర్చుని ప్రతి చిప్ కాగితం చదివాను, ఒక్కొక్క తీగ ఎందుకో తెలుసుకున్నాను. గాజుపూత గారికి ఆరు వాయిలు పోయింది రిలే వల్ల కాదు, రాగి తీగ వేయకూడదని చెప్పేవాళ్లు లేకపోవడం వల్ల. పని తెలిసినవాళ్లు నోరు విప్పరు. మేము నేర్చుకుని చెబితే మాత్రం ప్రమాదం అంటారు.

తీగలపని:
నేను నోరు విప్పడం లేదా? మూడు రోజులుగా ఇక్కడ రాస్తున్నది ఎవరు? రాత్రి పని ముగించుకుని ఇంటికి వచ్చి, అన్నం తినకుండా రాస్తున్నాను. ఎవరో ఫోను ఎత్తలేదని నన్ను అనడం న్యాయం కాదు.

నిర్వాహకులు:
ఇద్దరూ దయచేసి వ్యక్తిగత మాటలు ఆపండి. అడిగింది మట్టివాసన గారు. ఆమెకు ఏమి కావాలో ఆమెనే అడుగుదాము.

మట్టివాసన:
నా మూలంగా గొడవ జరిగినందుకు బాధగా ఉంది. రాత్రి పూటే ఎందుకని మీలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పగలు మా స్టూడియోకు పిల్లలు వస్తారు. ఆరేళ్లవాళ్లు, ఏడేళ్లవాళ్లు, పన్నెండు మంది. బట్టీ ఉన్నది అదే గదిలో. బయటి రేకు చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. పోయిన వేసవిలో ఒక పాప మట్టి చేత్తోనే దాన్ని ముట్టుకోబోయింది, పట్టుకుని లాగాను. ఆ రోజు నుంచి పగలు కాల్చడం మానేశాను. రాత్రంతా మేలుకుని ఉదయం 9కి పాఠం చెబుతున్నాను. పోయిన వారం సారె దగ్గర కూర్చునే నిద్రపోయాను. సోమరితనంతో అడగలేదు. మీరు పడుకోవద్దంటే నేను స్టూడియో మూసుకోవాలి.

తీగలపని:
అమ్మా, ఇది ముందే చెప్పి ఉంటే నేను మరోలా రాసేవాణ్ని. కోడూ కుండా గారూ, మీకు కూడా చెబుతున్నాను. మీరు సాలిడ్ స్టేట్ రిలే అన్నా, నేను కాంటాక్టర్ అన్నా, ఏది ఒక్కటే ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు అతుక్కుంటుంది. నా కోపం రిలే మీద కాదు. ఒక్క కంప్యూటర్, ఒక్క థర్మోకపుల్, ఒక్క రిలే, వీటి మీద ఇంటిని వదిలేయడం మీద. అది మొదటి రోజే సూటిగా చెప్పవలసింది.

ఇలా కట్టించుకోండి. ఎమ్‌సీబీ తర్వాత ముందుగా కాంటాక్టర్, దాని తర్వాత సాలిడ్ స్టేట్ రిలే. మార్చి మార్చి కరెంటు ఇచ్చేది రిలే. కాంటాక్టర్ వాయి మొదట్లో ఒకసారి కలుస్తుంది, చివర ఒకసారి విడిపోతుంది, కాబట్టి అరగదు. కాంటాక్టర్‌ను పట్టి ఉంచేది కంప్యూటర్ కాదు, విడిగా ఒక లిమిట్ కంట్రోలర్. దానికి దానిదే థర్మోకపుల్ ఉండాలి, వేరే రంధ్రంలోంచి. 1240కి పెట్టండి. దాటగానే కాంటాక్టర్ పడిపోవాలి, మనిషి వెళ్లి మీట నొక్కితే తప్ప మళ్లీ కలవకూడదు. తలుపుకు ఒక స్విచ్, అది కూడా కాంటాక్టర్ కాయిల్ దారిలోనే. ఇంకొక మాట. రిలే ఆఫ్‌లో ఉన్నా కొన్ని మిల్లీ ఆంపియర్లు కారుతూనే ఉంటాయి. తీగ చుట్టలను ముట్టుకునే ముందు ఎమ్‌సీబీ దించాల్సిందే.

కోడూ కుండా:
ఇది మంచి ప్యానెల్. నా దగ్గర ఆ రెండో కంట్రోలర్ లేదు. ప్రోగ్రామ్‌లోనే 1240 దాటితే ఆపమని రాసుకున్నాను. రిలే షార్టయితే ఆ గీత పనికిరాదని నాకు తెలుసు, తెలిసీ రెండేళ్లు వాయిదా వేశాను. పెట్టిస్తాను.

ప్రోగ్రామ్ వైపు రెండు సంగతులు కలుపుతాను. థర్మోకపుల్ జారి బట్టీ బయటికి వచ్చిందనుకోండి, తీగ తెగలేదు కాబట్టి లోపం ఉందని చిప్ చెప్పదు, చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పూర్తి కరెంటు ఇస్తుంది. కాబట్టి పావుగంట పూర్తి కరెంటు ఇచ్చినా అంకె పెరగకపోతే ఆపేయమని రాయాలి. రెండోది, ప్రోగ్రామ్ రిలేకు కరెంటు ఇస్తున్న క్షణంలో బిగుసుకుపోతే రిలేకు కలిపిన పిన్ అలాగే ఉండిపోతుంది. రాస్ప్‌బెర్రీ పైలో ఉన్న వాచ్‌డాగ్ టైమర్‌ను తప్పక వాడండి. ప్రోగ్రామ్ కొన్ని సెకన్లు పలకకపోతే అది బోర్డును తిరిగి మొదలుపెడుతుంది, పిన్ వదిలేస్తుంది.

కానీ ఒక్క చోట ఒప్పుకోను. మనిషి నొక్కితే తప్ప కాంటాక్టర్ కలవకూడదంటే, రాత్రి 2 గంటలకు ఐదు నిమిషాలు కరెంటు పోయి వచ్చినా వాయి పోయినట్లే. నా ప్రోగ్రామ్ తిరిగి లేచి, బట్టీ ఎంత వేడిలో ఉందో చూసి, అక్కడి నుంచే కొనసాగిస్తుంది.

తీగలపని:
కరెంటు తిరిగి వచ్చేటప్పుడు వోల్టేజి ఎలా ఊగుతుందో మీకు తెలియనిది కాదు. బట్టీ దానంతట అది మొదలుకాకూడదు. వాయి పోతే మళ్లీ చేసుకోవచ్చు.

కుమ్మరిసారె:
మళ్లీ చేసుకోవచ్చు అనడం తేలిక. చేసేవాళ్లకు తెలుస్తుంది. ఈ ఒక్క విషయంలో నేను కోడూ కుండా గారి వైపు.

మట్టివాసన:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. మా ఎలక్ట్రీషియన్ చేత తీగలపని గారు చెప్పినట్లే కట్టించాను. 60 ఆంపియర్ల మంచి రిలే, 31855 బోర్డు, రాణిగంజ్ కేబుల్, లిమిట్ కంట్రోలర్‌కు వేరే థర్మోకపుల్. కరెంటు పోతే నేను వెళ్లి నొక్కేదాకా మొదలుకాదు. వాయి పోతే పోనీ అని నిర్ణయించుకున్నాను, కింద పిల్లల బొమ్మలు, బల్లలు ఉన్నాయి.

నిన్న ఖాళీ బట్టీతో పరీక్ష చేశాము. ఎమ్‌సీబీ దించి, రిలే షార్టయినట్లు దాని రెండు చివరలనూ మందపాటి తీగతో కలిపారు. లిమిట్‌ను 600కు పెట్టి కరెంటు ఇచ్చాము. కంప్యూటర్ తెరమీద ఆఫ్ అని ఉంది. అంకె మాత్రం పెరుగుతూనే ఉంది. 400, 500, 580. ఆ ఆఫ్ అన్న మాట పక్కనే పెరుగుతున్న అంకెను చూస్తుంటే నా చేతులు చల్లబడ్డాయి. 601 దగ్గర టక్కుమంది. పై వాటాలో ఉన్న మా అమ్మగారికి కూడా వినిపించింది.

తీగలపని:
చాలా సంతోషం. కలిపిన ఆ తీగ తీసేశారా?

మట్టివాసన:
తీసేశాను. నా చేతిలోనే ఉంది.

తీగలపని:
లిమిట్‌ను 600 నుంచి 1240కి మార్చారా?

మట్టివాసన:
మార్చాను. అంకె చీటీ మీద రాసి ప్యానెల్‌కు అంటించాను. రేపు రాత్రి మొదటి వాయి. పన్నెండింటి దాకా మాత్రం కిందే కూర్చుంటాను.